అప్‌డేట్: జెండర్ క్లినిక్ వెయిటింగ్ లిస్ట్ గోల ఎక్కడిదాకా వచ్చిందంటే

మా జెండర్ క్లినిక్‌లో (ట్రాన్స్‌జెండర్ వాళ్ళకి వైద్యం చేసే చోటు) వెయిటింగ్ లిస్ట్ నేనే చూస్తా, ఖాళీ అయిన స్లాట్‌లు వృథా అవుతున్నాయి ఏం చెయ్యాలి అని అడిగా కదా, దాని అప్‌డేట్ ఇది.

ముందు మీరు చెప్పినట్టు లిస్ట్ శుభ్రం చేశా. ఒకే మనిషి పాత పేరుతో ఒకసారి, ఇప్పుడు వాడే పేరుతో ఇంకోసారి, అలా రెండేసి ఎంట్రీలు చాలానే దొరికాయి, కలిపేటప్పుడు ముందు వచ్చిన రిఫరల్ తేదీనే ఉంచా, లేకపోతే పాపం వాళ్ళ వంతు వెనక్కి పోతుంది.

అసలు తప్పు ఫోన్ దగ్గరే. ఇంట్లోవాళ్ళకి విషయం చెప్పనివాళ్ళు ఉంటారు, మేమేమో క్లినిక్ పేరు చెప్పి వాయిస్ మెసేజ్ పెట్టేవాళ్ళం (తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది). ఇప్పుడు ఏ పేరుతో పిలవాలి, మెసేజ్ పెట్టొచ్చా లేదా అని ముందే అడిగి రాసుకుంటున్నాం. ఫోన్ ఎత్తలేదని లిస్ట్‌లోంచి తీసెయ్యడం మానేశాం.

సర్జరీ లిస్ట్‌లో కొందరు, సర్జరీ చెయ్యొచ్చని నిపుణులు పరీక్షించి రాసిచ్చే లెటర్‌లలో రెండోదాని కోసమే ఆగిపోయారు. 2022లో వచ్చిన డబ్ల్యూపాథ్ (ట్రాన్స్‌జెండర్ వైద్యం చూసే నిపుణుల అంతర్జాతీయ సంఘం) గైడ్‌లైన్స్ 8వ వెర్షన్ ఒక్క అసెస్‌మెంట్ లెటర్ చాలంటోంది, మా ఫారం ఇంకా పాతదే! డాక్టర్లకి చూపించా, మారుస్తామన్నారు.

తక్కువ టైమ్‌లో రాగలిగేవాళ్ళ లిస్ట్ వేరే పెట్టాక క్యాన్సిల్ అయిన స్లాట్‌లు చాలావరకు నిండుతున్నాయి. క్యూ మాత్రం ఏం తగ్గలేదు, దానికి డాక్టర్లు కావాలి, ఎక్సెల్ షీట్ కాదు.