భీముని కొలను నుంచి కైలాసద్వారం దాకా: ఒక్కరోజు నడకపై అనుభవాలు చెప్పండి

నందికొట్కూరు బాటసారి
వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు మీదుగా శ్రీశైలం చేరే పాత కాలిబాట మొత్తం నడిచే వీలు ఈ ఏడాది మాకు లేదు. అందువల్ల ఆత్మకూరు, దోర్నాల మీదుగా వాహనంలో శ్రీశైలం వెళ్లి, హటకేశ్వరం వైపు మెట్లదారికి పైనున్న కైలాసద్వారం నుంచి లోయలోని భీముని కొలనుకు దిగి, అదే రోజు మళ్లీ పైకి ఎక్కి రావాలని అనుకుంటున్నాము. మాతో అరవై దాటిన మా నాన్నగారు, పదో తరగతి చదివే మా అమ్మాయి ఉంటారు. ఈ దారి ఎంత కష్టమో, ఏ నెలలో వెళ్లడం మంచిదో నడిచినవారు దయచేసి తెలియజేయగలరు.

నల్లమల నడక
దూరం చూస్తే ఇది చిన్న నడకే. అయితే మామూలు కొండకు దీనికి ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. కొండ ఎక్కేటప్పుడు అలసట వస్తే అక్కడితో ఆగి వెనక్కి దిగిపోవచ్చు; ఇక్కడ మాత్రం ముందు దిగుతాము, కాళ్లలో సత్తువ సగం తగ్గిన తరువాత, ఎండ ముదిరిన వేళ, నిలువుగా ఉన్న రాతిమెట్ల వరుసను ఎక్కవలసి వస్తుంది. దిగడం సులువుగా ఉండటంతో చాలామంది ఎంత లోతుకు వచ్చారో గమనించరు. నా అనుభవంలో దిగిన సమయానికి దాదాపు రెట్టింపు సమయం ఎక్కడానికి పడుతుంది. కనుక తెల్లవారగానే బయలుదేరి, ఎండెక్కకముందే తిరుగుముఖం పట్టాలి. తెచ్చుకున్న నీళ్లలో సగానికి పైగా కొలను దగ్గర మిగిలి ఉండాలి. అక్కడ వాగు ఉన్నది కదా అని ధీమా పడవద్దు. వేసవి వచ్చేసరికి ఆ నీళ్లు మడుగులుగా నిలిచిపోతాయి, అవి తాగడానికి పనికిరావు.

పాతదారి
కర్ణాటక నుంచి ఉగాదికి వచ్చే భక్తులు ఆత్మకూరు అడవిలో రోజుల తరబడి నడిచి, చిట్టచివర ఈ మెట్లే ఎక్కుతారు. నెత్తిన మూటలతో, చంటిపిల్లలతో, మల్లయ్యను తలచుకుంటూ వాళ్లు కైలాసద్వారం చేరడం చూసినవారికి ఆ పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. 14వ శతాబ్దంలో రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడన్నది చరిత్రలో ప్రసిద్ధమైన విషయం. మోటారు రోడ్లు లేని కాలంలో ఇటువైపు నుంచి వచ్చినవారికి ఇదే కనుమ, ఇదే వాకిలి. ద్రౌపది దాహం తీర్చడానికి భీముడు గదతో కొట్టగా భీముని కొలనులో నీరు పుట్టిందని స్థలకథ. దయచేసి అక్కడ ప్లాస్టిక్ సీసా ఒక్కటి కూడా వదలకండి.

అనంతపురం యాత్రికుడు
పెద్దవారి విషయంలో నాదొక మనవి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుందని అందరూ భయపడతారు గానీ, మోకాళ్లు దెబ్బతినేది దిగేటప్పుడే. మెట్లు ఒకే ఎత్తున లేవు, కొన్నిచోట్ల రాళ్లు కదులుతాయి, ఆకులు రాలిన కాలంలో అంచులు కనబడవు. చేతికర్ర తప్పనిసరి. మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పి గానీ గుండె జబ్బు గానీ ఉంటే, ఆయన కైలాసద్వారం దగ్గరే ఒకరి తోడుతో కూర్చోవడం మేలు. అక్కడి నుంచి లోయంతా కనబడుతుంది. ఆయనకు యాత్ర చేసిన తృప్తికి లోటు ఉండదు.

ఆత్మకూరు వాసి
పై మాటతో ఏకీభవిస్తున్నాను. ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం అన్న సంగతి మరువరాదు. జూలై నుంచి సెప్టెంబరు వరకు పులులు జతకట్టే కాలమని అడవిలోకి రాకపోకలు ఆపుతారు. మిగతా నెలల్లోనూ ముందుగా అటవీశాఖవారిని అడిగి, వారు ఒప్పుకుంటేనే దిగండి. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి చీకటి పడేదాకా ఉండకూడదు, విడివిడిగా నడవకూడదు. నవంబరు నుంచి జనవరి వరకు వాతావరణం అనుకూలంగా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవారు శివరాత్రి ముందు రోజుల్లో వెళితే దారిపొడవునా జనం ఉంటారు, తాగునీటి ఏర్పాట్లూ ఉంటాయి. రద్దీ మాత్రం భరించాలి.

నందికొట్కూరు బాటసారి
అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు పైనే ఉండటానికి ఒప్పుకున్నారు. ఉదయమే కర్నూలు నుంచి బయలుదేరితే సరిపోతుందా, ముందురోజే చేరుకోవాలా?

నల్లమల నడక
ముందురోజు సాయంత్రానికే శ్రీశైలం చేరుకోండి. దోర్నాల నుంచి వచ్చే ఘాట్ రోడ్డులో రాత్రివేళ వాహనాలను వదలరు, కాబట్టి ఉదయం ఇంట్లో బయలుదేరితే మెట్ల దగ్గరకు వచ్చేసరికి ఎండ నెత్తిమీదికి వస్తుంది. ఒకరు నాన్నగారి దగ్గర ఉండాలి గనుక, మీకూ అమ్మాయికీ తోడుగా మరొక పెద్దవారు దిగేలా చూసుకోండి.