శ్రీకాకుళంలో మా ఇల్లిచ్చి మైసూరులో ఇల్లు తీసుకోవచ్చా?

దసరాకు నలుగురం మైసూరు వెళ్లాలనుకుంటున్నాం. ఆ రోజుల్లో హోటల్ గది అద్దె వింటేనే గుండె గుభేలుమంటోంది. అందుకే కొన్ని రోజులు ఒకరి ఇంట్లో ఒకరు ఉండేలా ఇళ్లు మార్చుకునే పద్ధతి మీద ఆశ పుట్టింది. ఇలా ఇళ్లు కలిపే హోమ్‌ఎక్స్‌ఛేంజ్ అనే వెబ్‌సైట్‌లో అయితే ఇద్దరూ ఒకేసారి మారనక్కరలేదు, మన ఇంట్లో ఎవరికైనా చోటిస్తే వచ్చే పాయింట్లతోనూ కుదురుతుంది.

మాది రెండు పడకగదుల సొంత ఇల్లు. అరసవల్లి గుడి దగ్గరే. శ్రీకూర్మం, కళింగపట్నం బీచ్ ఒక్కరోజులో చూసి రావచ్చు. పెరట్లో బావి ఉంది, గిలక మాత్రం కిర్రుమంటుంది. అయినా మా ఊరికి ఎవరైనా వస్తారా?

ఇంకో చిక్కు మా అత్తగారు. దేవుడి గదికి తాళం వేస్తామంటే మెత్తబడ్డారు, ఆవకాయ జాడీల దగ్గర మళ్లీ బిగుసుకున్నారు.

ఇలా మార్చుకున్నవారు దయచేసి చెప్పండి. కరెంటు బిల్లు ఎవరు కట్టారు? ఏదైనా పగిలితే ఎలా? నగలు, ఇంటి కాగితాలు ఎక్కడ పెట్టి వెళ్లారు? పక్కింటివాళ్లకు ఏమని చెప్పారు?