కరెంటు ఉండగానే ఇన్‌కమర్ జాయింటు బిగించమంటున్నారు: రబ్బరు గ్లౌజులు సరిపోతాయా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఒక కర్మాగారంలో ఎనిమిదేళ్లుగా విద్యుత్ నిర్వహణ పనులు చూస్తున్నాను. గత వారం థర్మల్ కెమెరాతో తనిఖీ చేసినప్పుడు, మా 415 వోల్టుల ప్రధాన ప్యానెల్‌లో ఇన్‌కమర్ బ్రేకర్‌కు (ప్యానెల్‌లోకి వచ్చే సరఫరాను ఆపే ప్రధాన స్విచ్‌కు) పైవైపున, అంటే ట్రాన్స్‌ఫార్మర్ కేబుళ్లు వచ్చి కలిసే చోట, ఒక ఫేజు జాయింటు మిగతా రెండింటికంటే దాదాపు 40 డిగ్రీలు ఎక్కువ వేడిగా కనిపించింది. షట్‌డౌన్ తీసుకుంటే ఉత్పత్తి ఆగిపోతుంది కాబట్టి, రబ్బరు గ్లౌజులు వేసుకుని, మ్యాట్ మీద నిలబడి, ఇన్సులేటెడ్ స్పానర్‌తో ఆ బోల్టును బిగించమని మా పైఅధికారి చెబుతున్నారు. షాక్ తగలకుండా ఈ ఏర్పాట్లు చాలునేమో గాని, ఆర్క్ ఫ్లాష్ (కరెంటు గాలిలోంచి దూకి పేలుడులా మండడం) సంగతి తలచుకుంటే నాకు ధైర్యం చాలడం లేదు. లోడు తగ్గించి పనిచేస్తే ప్రమాదం తగ్గుతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

మీ భయం సరైనదే, దయచేసి ఆ పనికి ఒప్పుకోకండి. షాక్ వేరు, ఆర్క్ వేరు. షాక్‌లో కరెంటు మన శరీరం గుండా ప్రవహిస్తుంది కాబట్టి రబ్బరు దాన్ని అడ్డుకోగలదు. ఆర్క్‌లో మనిషి దేన్నీ ముట్టుకోనక్కరలేదు. స్పానర్ జారి రెండు ఫేజుల మధ్య పడినా, ఊడిన వాషరు ఒకటి బస్‌బార్ల (కరెంటు మోసే లోహపు పట్టీల) మధ్య చిక్కుకున్నా, అక్కడి గాలే వాహకంగా మారిపోతుంది. ఆ ఆర్క్ మధ్యలో ఉష్ణోగ్రత సుమారు 20,000 డిగ్రీల సెల్సియస్ వరకు చేరవచ్చు. సూర్యుని ఉపరితలం 5,500 డిగ్రీలే. ఆవిరైన రాగి తన ఘనపరిమాణానికి వేల రెట్లు వ్యాకోచిస్తుంది కాబట్టి, ఆ ఒత్తిడికి ప్యానెల్ తలుపు ఎగిరిపడుతుంది, కరిగిన లోహం తుంపరలుగా చిమ్ముతుంది, చెవులు దెబ్బతినేంత శబ్దం వస్తుంది. చర్మం మీద చదరపు సెంటీమీటరుకు 1.2 కేలరీలు పడితేనే రెండో స్థాయి కాలిన గాయం మొదలవుతుంది. పాలిస్టరు చొక్కా వేసుకుని ఉంటే అది కరిగి ఒంటికి అతుక్కుంటుంది, గాయం ఇంకా లోతుగా దిగుతుంది.

లోడు తగ్గించడం వల్ల ఈ ప్రమాదం తగ్గదు. ఆర్క్‌కు కరెంటు అందించేది ట్రాన్స్‌ఫార్మర్. అవతల మోటార్లు నడుస్తున్నాయా, ఆగి ఉన్నాయా అన్నదానితో దానికి నిమిత్తం లేదు.

రెండో సమాధానం

పై మిత్రులు చెప్పినదానికి ఒక ముఖ్యమైన విషయం చేర్చాలి. ఒంటి మీద పడే శక్తి, ఆర్క్ ఎంతసేపు నిలుస్తుందన్నదాన్ని బట్టి పెరుగుతుంది; 0.05 సెకన్లలో ఆగిపోయే ఆర్క్ ఒక సెకను కొనసాగితే శక్తి ఇరవై రెట్లవుతుంది. మీ జాయింటు ఇన్‌కమర్‌కు పైవైపున ఉంది కనుక ఇన్‌కమర్ ట్రిప్ అయినా, మీరే దాన్ని ఆఫ్ చేసి ఉంచినా, అక్కడి ఆర్క్ ఆగదు. దాన్ని ఆపగలిగేది ట్రాన్స్‌ఫార్మర్‌కు అవతల ఉన్న హైటెన్షన్ బ్రేకరో, ఫ్యూజో మాత్రమే. అవతల 11 కిలోవోల్టులు అనుకుంటే, ఇక్కడ 20,000 ఆంపియర్ల ఆర్క్ అక్కడి రిలేకు (కరెంటు హద్దు మీరితే బ్రేకర్‌ను ట్రిప్ చేయించే పరికరానికి) సుమారు 750 ఆంపియర్లుగా మాత్రమే కనిపిస్తుంది. పైగా ఆర్క్ తానే ఒక నిరోధంలా పనిచేస్తుంది కాబట్టి, ఆర్క్ కరెంటు పూర్తి షార్ట్ సర్క్యూట్ కరెంటు కంటే తక్కువగా ఉంటుంది, రిలే ఇంకా ఆలస్యం చేస్తుంది. ఫాల్ట్ కరెంటు తక్కువైతే ప్రమాదమూ తక్కువని చాలామంది అనుకుంటారు గాని, ఇలాంటి చోట అది తలకిందులు కావచ్చు. అందుకే 2002లో వెలువడి 2018లో సవరించిన ఐఈఈఈ 1584 ప్రమాణం పద్ధతిలో, ఒంటి మీద పడే ఆర్క్ శక్తిని రిలే సెట్టింగులతో సహా లెక్కగట్టించి, ఆ అంకెను ప్యానెల్ మీద అంటించాలి.

ఆర్క్ సూట్ (ఆర్క్ వేడిని తట్టుకునే దుస్తులు) ఉంటే చేయవచ్చా అని మీ అధికారి అడగవచ్చు. సూట్ మీద చదరపు సెంటీమీటరుకు 40 కేలరీలని రాసి ఉంటే, అంత శక్తి పడినప్పుడు లోపలి మనిషికి రెండో స్థాయి గాయం మొదలయ్యే అవకాశం సగానికి సగం ఉందన్నమాటే తప్ప, ఏమీ కాదని హామీ కాదు. పేలుడు ఒత్తిడిని అది ఎలాగూ ఆపలేదు.

అసలు ఆ బిగింపుతో పని పూర్తికాదు. అంత వేడెక్కిన జాయింటులో లగ్గు (కేబుల్ చివర బిగించిన లోహపు ముక్క), బస్‌బారు కలిసే ముఖాలు ఆక్సీకరణ చెంది నల్లబడి ఉంటాయి, స్ప్రింగు వాషరు బిగువు కోల్పోయి ఉంటుంది. పైపైన ఒక చుట్టు బిగిస్తే వేడి కొద్దిగా తగ్గినట్లు కనిపించి మళ్లీ పెరుగుతుంది. బోల్టు మరలు దెబ్బతిని ఉంటే బిగించేటప్పుడే తల తెగి పక్క ఫేజు మీద పడవచ్చు. విప్పి, శుభ్రం చేసి, కొత్త బోల్టు వేసి, టార్క్ రెంచితో బిగించాలి. కరెంటు ఉండగా అది సాధ్యం కాదు.

మూడో సమాధానం

అమెరికా విద్యుత్ భద్రతా ప్రమాణమైన ఎన్‌ఎఫ్‌పీఏ 70ఈ ప్రకారం, కరెంటు ఆపితే అంతకంటే పెద్ద ప్రమాదం వచ్చే చోట, లేదా కొలతలు తీయడం వంటి ఆపితే కుదరని పనులకు మాత్రమే లైవ్ పని అనుమతిస్తారు. ఉత్పత్తి ఆగడం అందులోకి రాదు. ఈ మాటను పైఅధికారికి రాతపూర్వకంగా చెప్పండి.

షట్‌డౌన్ దొరికేవరకు లోడు తగ్గించి నడపండి. ఆర్క్ ప్రమాదానికి అది మందు కాకపోయినా, జాయింటులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, లోడును 70 శాతానికి తెస్తే వేడి దాదాపు సగమవుతుంది. రోజూ తలుపు తెరిచి కెమెరా పెట్టి చూడకండి, తెరవడమూ ప్రమాదమే.

షట్‌డౌన్ రోజున హైటెన్షన్ వైపు ఆఫ్ చేసి, ఐసొలేట్ చేసి, మీ సొంత తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. ఆ తర్వాత మీటరును ముందు కరెంటు ఉన్నచోట పరీక్షించి, జాయింటు దగ్గర అన్ని ఫేజుల మధ్య, ఎర్త్‌కూ చూసి, మళ్లీ కరెంటు ఉన్నచోట పరీక్షించండి. మధ్యలో మీటరే చెడిపోయి సున్నా చూపించి ఉండవచ్చు. ఈ పరీక్ష ముగిసేవరకు అక్కడ కరెంటు ఉన్నట్లే లెక్క, కాబట్టి లెక్కలో వచ్చిన అంకెకు సరిపడే ఆర్క్ సూట్, ముఖకవచం తీయకూడదు. చివరగా ఎర్తింగ్ చేసి పని మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. ఈ వివరాలన్నీ చూపించాక ఆదివారం నాలుగు గంటల షట్‌డౌన్‌కు ఒప్పుకున్నారు. ఒక్క సందేహం: మా డీజిల్ జనరేటరు కూడా అదే బస్‌బారుకు కలుస్తుంది. ఇన్‌కమర్ ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి దాన్ని అలాగే వదిలేయవచ్చా?

మూడో సమాధానం ఇచ్చినవారు

వదిలేయకండి. సరఫరా పోగానే అది దానంతట అదే స్టార్ట్ అవుతుంది. ఆ సమయంలో ఎవరైనా పొరపాటున ఇన్‌కమర్ వేస్తే, 415 వోల్టులు మీరు పనిచేస్తున్న జాయింటు మీదికి వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వెళ్లి అవతల హైటెన్షన్‌గా మారతాయి. జనరేటరును ఆటో మోడ్ నుంచి తప్పించి, దాని బ్రేకరుకు ఒక తాళం, ఇన్‌కమర్‌కు ఒక తాళం విడివిడిగా వేయండి.