1942లో యువత అజ్ఞాతంగా పనిచేయడం సత్యాగ్రహానికి విరుద్ధమా?

పెన్నాతీరం (అనంతపురం):
1942 ఆగస్టు 8న బొంబాయిలో గాంధీజీ, ఈ క్విట్ ఇండియా పోరాటంలో ఏదీ దాచి చేయరాదని, రహస్యం పాపమని స్పష్టంగా చెప్పారు. అలాంటప్పుడు రహస్య రేడియో నడిపిన ఉషా మెహతాను, ఆమె సహచరులను సత్యాగ్రహులని పిల్లలకు చెప్పడం సబబేనా? వారి సాహసాన్ని నేను శంకించడం లేదు. ఆ పేరు మాత్రం వారికి చెల్లదంటున్నాను.

దేవునికడప (కడప):
నాదీ అదే అభిప్రాయం. 1944లో విడుదలయ్యాక కూడా ఆయన అజ్ఞాతంలో ఉన్నవారిని బయటికి రమ్మనే చెప్పారు.

కొండారెడ్డిబురుజు (కర్నూలు):
మీరిద్దరూ చెప్పినవి నిజాలే. అయితే ఆ ఉపన్యాసం ఇచ్చిన మనిషిని మర్నాడు తెల్లవారుజామునే అరెస్టు చేశారన్న సంగతిని పక్కనపెట్టి ఆ మాటను తూచలేము. నాయకులు ఒక్కసారిగా జైళ్ల పాలై, పత్రికలపై ఆంక్షలు బిగిశాక, ఏ ప్రాంతంలో ఏం జరుగుతోందో జనానికి తెలిసే దారులు మూసుకుపోయాయి. అప్పటికి ఉషకు ఇరవై రెండేళ్లు. ఆగస్టు 27న 42.34 మీటర్ల తరంగదైర్ఘ్యంపై ప్రసారం మొదలుపెట్టిన ఆ కేంద్రం తాను కాంగ్రెసు రేడియోనని బాహాటంగానే చెప్పుకుంది. దాచింది చిరునామాను మాత్రమే. పోలీసులు జాడ పసిగట్టకుండా ట్రాన్స్‌మిటర్‌ను బొంబాయిలోనే ఒకచోటినుంచి మరోచోటికి మారుస్తూ వచ్చారు. చివరికి తమతో పనిచేసిన సాంకేతిక నిపుణుడే ఆచూకీ ఇవ్వడంతో నవంబరు 12న పట్టుబడ్డారు. ఆమెకు నాలుగేళ్ల శిక్ష పడింది. ఎవరి ప్రాణానికీ హాని తలపెట్టని ఆ మాటలకు అంత శిక్ష వేశారంటే, ప్రభుత్వం దేనికి భయపడిందో ఆలోచించండి.

మా ఊరి పేరుతో పిలిచే కర్నూలు సర్క్యులర్‌నూ గుర్తుచేసుకోవాలి. 1942 జూలైలో ఆంధ్ర కాంగ్రెసు సంఘం పంపిన ఆ పత్రం, తంతి తీగలు తెంచడాన్ని పోరాట క్రమంలో చేరుస్తూనే, రైలు పట్టాలు పీకవద్దని, ప్రాణాపాయం కలగకుండా జాగ్రత్తపడాలని హెచ్చరించింది. నేను చూసేది ఆ హద్దునే. చాటుగా చేశారా, బాహాటంగా చేశారా అన్న ప్రశ్న నాకు దాని తర్వాతిది.

పెన్నాతీరం (అనంతపురం):
హద్దు విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. అయినా ఒక సందేహం నన్ను వదలడం లేదు. ఇల్లు అద్దెకిచ్చిన మనిషికి తెలియకుండా అతని గోడల మధ్య ప్రసారం జరిగితే, ఆ ప్రమాదాన్ని అతని అనుమతి లేకుండానే అతని నెత్తిన పెట్టినట్టు కాదా? తాను ఎంచుకున్న కష్టాన్ని తానే భరించడం సత్యాగ్రహం. తెలియనివాణ్ని అందులోకి లాగే హక్కు ఎంత గొప్ప ఆశయానికైనా ఉందంటారా?

కొండారెడ్డిబురుజు (కర్నూలు):
లేదనే అంటాను. మీరు ఎత్తిచూపిన చోట ఆ పని సత్యాగ్రహం నుంచి పక్కకు జరిగిందని ఒప్పుకుంటూనే, ఉష ప్రసారాలను అహింసా పోరాటంలోనే లెక్కిస్తాను.