ఆల్డిహైడ్ అంటుకుంటే ప్రోటీన్ పని అయిపోయినట్టేనా?

పరిశోధక విద్యార్థి: కణపొరల్లోని కొవ్వులు ఆక్సీకరణకు గురైనప్పుడు 4-హైడ్రాక్సీనోనెనాల్ అనే ఆల్డిహైడ్ పుడుతుందని, అది ప్రోటీన్లకు అంటుకుని వాటిని పనికిరాకుండా చేస్తుందని ఇన్నాళ్లూ చదువుతూ వచ్చాను. మొన్న ఒక సెమినార్‌లో "అది జరిగిన నష్టానికి గుర్తే తప్ప కారణం కాదు" అన్నారు. మీరేమంటారు?

లైసిన్ పక్షం: గుర్తు మాత్రమే అనడం అన్యాయమండీ. బ్యాక్టీరియా నుంచి తీసిన గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజనేస్ మీద 1993లో వచ్చిన పరిశోధన చూడండి. క్రియాస్థానంలో, అంటే ఎంజైమ్ పని జరిగే చోట, ఉన్న లైసిన్ అనే ఒక అమైనో ఆమ్లానికి ఈ ఆల్డిహైడ్ అంటుకోవడం వల్లే ఎంజైమ్ ఆగిపోయింది. మైటోకాండ్రియాలోని ఆల్ఫా-కీటోగ్లుటరేట్ డీహైడ్రోజనేస్ కథ ఇంకా విచిత్రం. అక్కడ దెబ్బ తగిలేది ఎంజైమ్‌కు అతుక్కుని దాని పనిలో తోడ్పడే లైపోయిక్ ఆమ్లానికి. అది క్షయకరణం చెంది ఉన్నప్పుడే, అంటే ఎంజైమ్ పని మధ్యలో ఉన్నప్పుడే, ఆల్డిహైడ్‌కు చిక్కుతుంది. ఊరికే కూర్చున్న ఎంజైమ్‌కు ఏమీ కాదు, పని చేసేదే బలి!

జెల్ చూసేవాడు: అవి నిజమే. కానీ పరీక్షనాళికలో శుద్ధి చేసిన ఎంజైమ్‌కు అడ్డం ఎవరున్నారు? కణంలో ఆల్డిహైడ్‌ను పట్టేసే గ్లూటాథయోన్ అనే చిన్న అణువు 1 నుంచి 10 మిల్లీమోలార్ దాకా ఉంటుంది. మామూలు కణజాలంలో ఈ ఆల్డిహైడ్ ఉండేది మహా అయితే కొద్ది మైక్రోమోలార్లే, అంటే మిల్లీమోలార్‌లో వెయ్యో వంతు లెక్కల్లో. పైగా గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్‌లు, ఆల్డిహైడ్ డీహైడ్రోజనేస్‌లు దాన్ని ఎప్పటికప్పుడు వదిలిస్తుంటాయి. మనమేమో పళ్లెంలోని కణాల మీద ఒక్కసారిగా 100 మైక్రోమోలార్ గుమ్మరించి, యాంటీబాడీతో నల్లటి పట్టీ కనబడగానే "ఎంజైమ్ చచ్చింది" అని రాసేస్తాం. ఆ పట్టీ అంటుకుందని చెబుతుంది, వందలో ఎన్నింటికి అంటుకుందో చెప్పదు. రెండింటికే అయితే మిగతా తొంభై ఎనిమిదీ నిక్షేపంగా పని చేస్తున్నట్టే కదా.

లైసిన్ పక్షం: మీరు చెప్పే గాఢత కణజాలం మొత్తానికి సగటు. ఇది పుట్టేది పొరలో, నీటికంటే కొవ్వంటేనే దీనికి ఇష్టం. పొరను ఆనుకుని ఉన్న ప్రోటీన్‌కు మీ సగటుతో పనేమిటి?

జెల్ చూసేవాడు: ఆ మాట ఒప్పుకుంటాను. అయితే అక్కడెంత ఉందో కొలిచి చూపాలి, ఊహ చాలదు.

పాత మాస్టారు: ఇద్దరూ అంటుకోవడాన్ని నష్టమనే చూస్తున్నారు. కీప్1 ప్రోటీన్‌ను మరిచారా? దానిలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలకు ఆల్డిహైడ్ తగిలితే, అది పట్టి ఉంచిన ఎన్ఆర్ఎఫ్2 అనే జన్యు నియంత్రక ప్రోటీన్ విడుదలై, గ్లూటాథయోన్ తయారీకి కావలసిన జన్యువులు మేల్కొంటాయి. అక్కడ అంటుకోవడమే కబురు. కాబట్టి "ప్రోటీన్లకు ఏమవుతుంది" అని మూకుమ్మడిగా అడగడంలోనే పొరపాటుంది. ఏ ప్రోటీన్, ఏ అమైనో ఆమ్లం అని అడగాలి.

పరిశోధక విద్యార్థి: మా ఎంజైమ్‌లో అనుమానం ఉన్నది ఒకే సిస్టీన్ మీద, అదీ క్రియాస్థానానికి కాస్త దూరంగా. దాన్ని అలనీన్‌గా మార్చి చూస్తే తేలుతుందా?

జెల్ చూసేవాడు: అదే సరైన దారి. మార్చిన ఎంజైమ్ కూడా అంతే ఆగిపోతే మీ సిస్టీన్ నిర్దోషి. క్రియాశీలత, అంటుకున్న శాతం రెండూ ఒకే నమూనాలో కొలవండి. మరో మాట: సిస్టీన్ బంధం వెనక్కి విడిపోగలదు, అందుకే ముందు సోడియం బోరోహైడ్రైడ్‌తో స్థిరపరచండి. అప్పుడు రెండు హైడ్రోజన్లు చేరతాయి కాబట్టి, అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో 156 కాదు, 158 డాల్టన్ల తేడా వెతకాలి. ఈ రెండు డాల్టన్ల కోసం నేను ఒక వారమంతా పోగొట్టుకున్నాను.