రావ్4కి పిన్ నొక్కితేగానీ కదలని ఇమ్మొబిలైజర్: పెట్టించాలా, వద్దా?

బ్రాంప్టన్ బుల్లోడు
ఇక్కడ కెనడాలో, టొరంటో పక్కన మా వీధిలో వేసవి నుంచి రెండు కార్లు పోయాయి. రెండూ డ్రైవ్‌వేలోంచే, రెండూ తెల్లవారుజామునే. నాది 2021 టొయోటా రావ్4. పోయిన వారం పొద్దున్నే చూస్తే ఎడమ హెడ్‌లైట్ దగ్గర బంపర్ ఊడి వేలాడుతోంది. ఎవడో పార్కింగ్‌లో తగిలించి పోయాడనుకున్నాను. ఆఫీసులో ఒకాయనకి చెబితే, "తగిలించడం కాదు, నీ బండికి ముహూర్తం పెట్టి వెళ్ళారు" అన్నాడు. అప్పట్నుంచి నిద్ర లేదు.

ఒక షాపువాడు 800 డాలర్లకి కీప్యాడ్ ఇమ్మొబిలైజర్ పెడతానంటున్నాడు. మా ఆవిడేమో ఇన్సూరెన్స్ ఉండగా ఈ దండగ దేనికంటోంది. పెట్టించినవాళ్ళూ, వద్దనుకున్నవాళ్ళూ చెప్పండి.

వైరింగ్ వెంకట్
మీ ఆఫీసాయన అన్నది నిజమే అయ్యుండచ్చు. 2022లో లండన్‌లో ఇయాన్ టేబర్ అనే ఆయన రావ్4కీ ఇలాగే జరిగింది. ముందు బంపర్, హెడ్‌లైట్ కదిపారు, తర్వాత బండే పోయింది. ఆయన వృత్తే కార్ల కంప్యూటర్ల భద్రత. పట్టు వదలకుండా కూపీ లాగితే తేలింది ఇది: కారులోని కంప్యూటర్లన్నీ క్యాన్ బస్ అనే తీగల జత మీద మాట్లాడుకుంటాయి. ఆ తీగ హెడ్‌లైట్ దాకా వస్తుంది. దొంగ అక్కడ ఒక పరికరం తగిలించి "అసలు తాళం దగ్గర్లోనే ఉంది" అని అబద్ధం చెప్పిస్తాడు. కారు నమ్మేస్తుంది. తలుపులు తెరుచుకుంటాయి, కంపెనీ ఇచ్చిన ఇమ్మొబిలైజర్ కూడా పక్కకి తప్పుకుంటుంది. ఆ పరికరం పైకి బ్లూటూత్ స్పీకర్‌లా ఉంటుంది.

అందుకే తాళాన్ని, సిగ్నల్ బయటికి పోనివ్వని ఫారడే పౌచ్‌లో దాచినా ఈ పద్ధతి ముందు పనికిరాదు. పౌచ్ ఆపేది రిలే దొంగతనాన్ని, అంటే ఇంట్లో ఉన్న తాళం సిగ్నల్‌ని బయటికి లాగే రకాన్ని. కెనడాలో 2007 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. అయినా పోతున్నాయంటే కారణం, అది తాళం మాట నమ్మేది కాబట్టి. తాళంతో పని లేకుండా విడిగా అడిగే రెండో కాపలా కావాలి. నా ఓటు పెట్టించమనే.

మిస్సిసాగా మావయ్య
వెంకట్ చెప్పిందంతా బండి గురించే. నేను మనిషి గురించి అడుగుతున్నా. బండి కదలకపోతే దొంగ ఇంటికి పోతాడా, మన తలుపు బద్దలుకొడతాడా? 2024 మొదట్లో ఎటోబికోలో ఒక టొరంటో పోలీసాయన, తాళాలు గుమ్మం దగ్గరే పెట్టుకోండి, వాటి కోసం లోపలికి రాకుండా ఉంటారు అన్నాడు. ఊరంతా నవ్వింది. నేను నవ్వలేదు. కారు ఇన్సూరెన్స్‌ వాళ్ళది, ఇల్లు నాది. ఇంట్లో మనవరాలుంది.

శ్రావణి, మిల్టన్
మాకు రెండు చలికాలాలుగా ఉంది. విడిగా కీప్యాడ్ అతికించేది కాదు. ఘోస్ట్, ఇగ్లా లాంటివి వింటారే, ఆ రకం. స్టీరింగ్ మీద, తలుపు మీద ఉన్న బటన్లనే ఒక వరుసలో నొక్కాలి. చూసేవాడికి ఏమీ కనబడదు. డాష్‌బోర్డ్‌కి కీప్యాడ్ అతికిస్తే "ఇక్కడ వెతుకు" అని బోర్డు పెట్టినట్టే అని మా ఆయన ఉద్దేశం.

కష్టాలూ చెప్తా. మైనస్ ఇరవైలో గ్లవ్స్‌తో నొక్కితే రెండు బటన్లు ఒకేసారి పడతాయి, మళ్ళీ మొదటికొస్తుంది. మా అత్తయ్యగారు వచ్చిన మూడు నెలలూ ఆవిడ బండి ముట్టుకోలేదు.

అసలు తప్పు మాది. ఆయిల్ మార్చడానికి ఇస్తూ, పిన్ అడగకుండా ఉండే సర్వీస్ మోడ్‌లో పెట్టాం. వచ్చాక తియ్యడం మర్చిపోయాం. పదిహేను రోజులు పిన్ లేకుండానే కదిలింది. నాకు తెలియనే లేదు, ఎందుకంటే వేళ్ళు అలవాటుగా నొక్కేస్తూనే ఉన్నాయి!

ఈ ఫిబ్రవరిలో ఎవడో వచ్చాడు. తలుపు తీశాడు, కూర్చున్నాడు, బండి కదల్లేదు. కోపం డాష్ కింద వైర్ల మీద చూపించి పోయాడు. రిపేరుకి మా చేతి నుంచి వెయ్యి డాలర్ల డిడక్టిబుల్ పడింది. ఇంటి తలుపు మాత్రం తట్టలేదు మావయ్యగారూ. ఇది ఒక్క ఇంటి సంగతేలెండి.

మిస్సిసాగా మావయ్య
అమ్మా, డబ్బు పోసి కొన్నది, ఆపైన వెయ్యి పెట్టించింది. బండి పోయుంటే కొత్తది వచ్చేది.

వైరింగ్ వెంకట్
కొత్తది అందరికీ రాదు మావయ్యా. ఒంటారియోలో ఓపీసీఎఫ్ 43 అని, తరుగుదల కొయ్యకుండా ఇచ్చే అదనపు కవరేజీ ఉంది. అది తీసుకోనివాళ్ళకి తరుగుదల పోగా ఇస్తారు. లోన్ అంతకంటే ఎక్కువుంటే తేడా జేబులోంచే. బుల్లోడుగారి ఆవిడకి ముందు పాలసీ కాగితం చూడమనండి. పోయిన బండి తిరిగి దొరకడం లాటరీ. 2023 డిసెంబర్ నుంచి 2024 మార్చి దాకా ప్రాజెక్ట్ వెక్టర్ అనే పోలీసుల గాలింపులో మాంట్రియల్ రేవులో 598 బండ్లు పట్టుకున్నారు. అంటే కంటైనర్లో సర్దేదాకా వెళ్ళినవి అవి.

ఇంటి మీద పడే భయం ఉత్తది కాదు, ఒప్పుకుంటా. ఎవడైనా ఆయుధం పట్టుకుని ఎదురుగా నిలబడితే తాళమిచ్చి పిన్ కూడా చెప్పేయండి, పరువుకి పోవద్దు. కానీ డ్రైవ్‌వేకి వచ్చే ప్రతివాడూ తలుపు కొట్టే రకం కాదు. చాలామందికి కావలసింది చప్పుడు లేకుండా నిమిషాల్లో వెళ్ళిపోవడం.

నన్నడిగితే భయపడాల్సింది షాపువాడి గురించి. ప్రతి రావ్4లోనూ ఇమ్మొబిలైజర్‌ని ఒకే చోట, గ్లోవ్ బాక్స్ వెనక పెట్టి టేప్ చుట్టేస్తే దొంగకి రెండో బండి దగ్గరే తెలిసిపోతుంది. ఎక్కడ కలుపుతావు, అన్ని బండ్లకీ అక్కడేనా అని అడగండి. వైరింగ్‌లో లోపమొస్తే వారంటీ గొడవ ఎవరు మోస్తారో కాగితం మీద రాయించుకోండి. వాడు పెట్టిన పిన్‌తో ఇంటికి రావద్దు, అక్కడే మార్చుకోండి.

బ్రాంప్టన్ బుల్లోడు
అడిగాను. "అన్నిటికీ గ్లోవ్ బాక్స్ వెనకే సార్, నలభై నిమిషాల్లో అయిపోద్ది" అన్నాడు, గొప్పగా. నమస్కారం పెట్టి వచ్చేశాను. ఇంకోచోట శనివారానికి బుక్ చేశాను, బటన్ల రకమే. 950 అట. సగం రోజు బండి ఉంచమన్నాడు. అప్పటిదాకా స్టీరింగ్‌కి పసుపు రంగు లాక్ బిగించాను. పాలసీ చూస్తే 43 లేదు, మా ఆవిడ ఇంకేం మాట్లాడలేదు.

ఒక్క సందేహం. చలికాలం ఇంట్లోంచే ఇంజిన్ ఆన్ చేసే రిమోట్ స్టార్ట్ లేకపోతే మా ఇంట్లో యుద్ధమే. రెండూ కుదురుతాయా?

శ్రావణి, మిల్టన్
రకాన్ని బట్టి ఉంటుంది. మాది ఇంజిన్ ఆన్ కానిస్తుంది, పిన్ లేకుండా గేర్ వేస్తే ఆగిపోతుంది. ముందే చెప్పి ఆ పద్ధతిలో పెట్టించుకోండి, తర్వాత మార్చడానికి మా దగ్గర మళ్ళీ డబ్బులు తీసుకున్నారు.

మిస్సిసాగా మావయ్య
సరే, పెట్టించుకో బాబూ. మీ వీధి వైపు ఒక లైటు కూడా వేయించు. శనివారం పని అయ్యాక వైర్ ఎక్కడ కలిపారో మాత్రం ఉత్సాహంగా ఇక్కడ రాయకు.