90 పాయింట్ల చవక రెడ్ వైన్‌కు ఆ పేరు తగినదేనా?

ప్రశ్న (విజయవాడ): మా బావగారు తెచ్చిన చిలీ కాబెర్నే సావిన్యాన్ (ఒక నల్ల ద్రాక్ష రకం) రెడ్ వైన్ సీసా మీద 90 పాయింట్లని బంగారు రంగు చీటీ అంటించి ఉంది. ధర తక్కువే కనుక ఎంతో ఆశతో మొన్న గోంగూర మాంసంతో పాటు తెరిచాము. పచ్చి వక్క నమిలినంత వగరు, గొంతులో మంట తప్ప పండు వాసన ఏదీ తెలియలేదు. లోపం వైన్‌దా, మాదా?

జవాబు (గుంటూరు): ఫ్రిజ్‌లో పెట్టకుండానే తాగారా అండీ? రెడ్ వైన్‌కు గది వేడి చాలునన్న మాట చల్లని ఐరోపా ఇళ్లలో పుట్టినది. దానికి తగినవి 16 నుంచి 18 డిగ్రీలు. మన ఎండాకాలపు గదిలో ఆల్కహాలు ఘాటు ముందుకు వచ్చి పండు వాసనను మింగేస్తుంది, పైగా మన మిరపకారం ఆ మంటను రెట్టింపు చేస్తుంది. వగరు ద్రాక్ష తొక్కలోని, గింజలోని టానిన్లనే వగరు పదార్థాలది. ఈ రకానికి అది సహజమే.

జవాబు (తెనాలి): అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ప్రచారంలోకి తెచ్చిన ఆ 100 పాయింట్ల కొలమానం 50తోనే మొదలవుతుందని, కనుక 90 కనిపించినంత గొప్ప కాదని మరవకండి. చీటీని చూసి కొనడం నేను మానేశాను.

ప్రశ్న అడిగినవారు: మిగిలిన సగాన్ని అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, కారం లేని వేయించిన జీడిపప్పుతో తాగామండీ. మంట తగ్గి, నేరేడు పండు వాసన స్పష్టంగా తెలిసింది. ఆ ధరకు మంచిదే, కానీ 90 మాత్రం ఎక్కువే.